తలంబ్రాలతో రెజిన్ లాకెట్లు: గింజల చుట్టూ తెల్లమబ్బు, పసుపు ఎర్రబడటం

పొగడపూలు, కాకినాడ

అందరికీ నమస్కారం. ఇంట్లోనే చిన్న చిన్న ఎపాక్సీ నగలు చేస్తుంటాను. రెజిన్ అనే చిక్కటి ద్రవంలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి అచ్చులో పోస్తే గాజులా బిగుస్తుంది కదా, అదే ఎపాక్సీ. ఎండబెట్టిన పూరేకులతో చెవిపోగులు, మెరిసే మైకా పొడి కలిపిన ఉంగరాలు, అంతవరకే. ఇప్పుడు మా ఆడపడుచు వాళ్ళ అమ్మాయి పెళ్ళి తలంబ్రాలు దాచి తెచ్చి, ఇంటి ఆడపిల్లలందరికీ తలా ఒక లాకెట్ చేసిపెట్టమన్నారు. అసలువి ముట్టుకునే ముందు ఇంట్లో బియ్యానికి పసుపు పట్టించి, నమూనాగా కొన్ని పోసి చూశాను.

గింజల చుట్టూ తెల్లటి మబ్బు కమ్మింది. పైభాగం గట్టిపడింది గానీ వేలితో రాస్తే మైనపు జిడ్డు తగులుతోంది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, నిమ్మపండు రంగులో వేసిన గింజలు రెజిన్ తగలగానే నారింజ వైపు తిరిగాయి, తెల్లారేసరికి ఇటుక రంగుకు దగ్గరపడ్డాయి. వచ్చినవన్నీ మంచి పసుపుకొమ్ములు దంచి చేసిన తలంబ్రాలు. వాటి రంగు పోతే మా ఆడపడుచుకు ముఖం చూపించలేను.

వివరాలు: రెజిన్ రెండు పాళ్ళు, హార్డెనర్ ఒక పాలు, తూచి కలిపాను. సిలికాన్ అచ్చు. ఇక్కడ వాన పట్టి వదలడం లేదు.

గుండ్రాయి, గుంటూరు

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు మీ ఇంటి పూజగదిలోనే ఉంది. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? ఎర్రటి పారాణి. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుంది. ఎపాక్సీ హార్డెనర్లలో ఎక్కువ భాగం అమీన్లు, అమీన్లు క్షారాలు. మీ కప్పులో జరిగింది పారాణి కలపడమే. రెజిన్‌లో లోపం లేదు, పసుపులో కల్తీ లేదు.

విరుగుడు కూడా తేలికే. హార్డెనర్ పసుపును తాకకూడదు. ముందుగా గింజలను జల్లెడలో ఆడించి వదులుగా ఉన్న పసుపు పొడిని రాల్చేయండి. తరువాత పారదర్శకమైన వార్నిష్ పలచగా పట్టించి, గింజ గింజా విడిగా ఆరనివ్వండి. రెండు పూతలు వేస్తే నిశ్చింత.

తెల్లమబ్బు సంగతి వేరు. ఎండినట్టు కనిపించే బియ్యంలోనూ నూటికి 12 నుంచి 14 పాళ్ళు తేమ ఉంటుంది. తలంబ్రాలకైతే నీళ్ళో నెయ్యో పట్టించి కలుపుతారు కదా, ఇంకా ఎక్కువ. ఆ తేమ కొంత, గింజ రంధ్రాల్లోంచి వచ్చే సన్నటి గాలిబుడగలు కొంత కలిసి మబ్బుగా కనిపిస్తాయి.

పొగడపూలు, కాకినాడ

మాస్టారూ, పారాణి మాట చదివి మా అత్తగారు నవ్వారు. "నన్నడిగితే నేనే చెప్పేదాన్ని" అంటున్నారు. అసలు తలంబ్రాలకు నెయ్యి రాశారు, పసుపు నేతితోనే పట్టించారు. అది ఇబ్బందా?

గుండ్రాయి, గుంటూరు

ఇబ్బందే. జిడ్డు మీద వార్నిష్ పట్టదు, రెజిన్ కూడా పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే జిడ్డుతో పాటు పసుపూ కరిగి పోతుంది. కాబట్టి కడగవద్దు. పాత నూలుగుడ్డ మధ్య పరిచి, బరువు పెట్టి, గుడ్డ మార్చుతూ జిడ్డును లాగేయండి. ఆ తరువాతే తేమ పీల్చే సిలికా జెల్ గుళికల డబ్బాలో పెట్టడం.

చెక్కపొట్టు, రాజమహేంద్రవరం

నేను టేకు ముక్కలతో, రెజిన్‌తో లాకెట్లు చేస్తాను. మైనపు జిడ్డుకు వాన కారణమని అందరూ అంటారు. నిజమే కావచ్చు. కానీ అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది అక్కా. మీ డబ్బా మీద రాసిన 2:1 బరువు ప్రకారమా, మిల్లీలీటర్ల కొలత ప్రకారమా?

పొగడపూలు, కాకినాడ

డబ్బా మీద ఉత్త 2:1 అనే ఉంది. నేను వంటింటి తూకంలో తూచాను.

చెక్కపొట్టు, రాజమహేంద్రవరం

అక్కడే చిక్కు. రెజిన్ బరువైనది, హార్డెనర్ తేలికైనది. లెక్క కోసం రెజిన్ సాంద్రత 1.15, హార్డెనర్ సాంద్రత 1 అనుకుందాం. కొలత ప్రకారం 100 మిల్లీలీటర్ల రెజిన్‌కు 50 మిల్లీలీటర్ల హార్డెనర్ పోయాలి. అంటే 115 గ్రాములకు 50 గ్రాములు. అదే 2:1ని తూకంలో పెడితే 115కి 57.5 గ్రాములు పడుతుంది. హార్డెనర్ 15 శాతం ఎక్కువైంది. ఎక్కువైన హార్డెనర్‌కు జత దొరకదు, అది లోపలే మెత్తగా, జిడ్డుగా మిగిలిపోతుంది. గట్టిపడటం లేదు కదా అని ఇంకాస్త హార్డెనర్ పోసేవాళ్ళు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి, ఫెవికాల్ కాదు అది.

ఇంకొకటి. లాకెట్లకు మీరు కలిపేది మహా అయితే 6 గ్రాములు, అంటే 4 గ్రాములకు 2 గ్రాములు. వంటింటి తూకం గ్రాముల లెక్కన చూపిస్తుంది. అర గ్రాము అటూ ఇటూ అయినా హార్డెనర్‌లో పావు వంతు తేడా. బంగారం దుకాణాల్లో వాడే లాంటి, గ్రాములో నూరో వంతు చూపే చిన్న తూకం కొనుక్కోండి. లేదా కాస్త ఎక్కువ కలిపి, మిగిలినది వేరే అచ్చుల్లో పోయండి.

సముద్రఘోష, విశాఖపట్నం

తూకం సంగతి ఒప్పుకుంటాను. కానీ కోస్తాలో ఉండి వాన పాత్రను తీసిపారేయలేం. జిడ్డు పైపైనే ఉండి కింద గాజులా గట్టిగా ఉంటే అది కొలత తేడా కాదు. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు హార్డెనర్‌లోని అమీన్‌తో కలిసి పైన మైనం లాంటి పొర కడుతుంది. గోరువెచ్చని నీళ్ళు, సబ్బు పెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆ పొర పోతుంది. పోయిందా, మీ కొలత సరైనదే. పోకుండా వేలికి ఇంకా అంటుకుంటోందా, చెక్కపొట్టు గారు చెప్పినదే.

రెండో పొర పోసే ముందు ఆ మైనాన్ని కడిగి తీరాలి. లేకపోతే పై పొర రేకులా లేచి వస్తుంది. నేను గది తేమ 60 శాతం దాటితే పోత పెట్టను. ఏసీ వేసి, తలుపులు మూసి, వేడి 22 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచి పోస్తాను. పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించాలి, లేకపోతే దుమ్ము, దోమ, జుట్టు, అన్నీ ఆ రాత్రే వచ్చి పడతాయి.

పొగడపూలు, కాకినాడ

సబ్బునీళ్ళతో తుడిచి చూశాను. మూడింట్లో రెండింటికి పోయింది. ఒకదానికి పోలేదు, గోటితో నొక్కితే గుంట పడుతోంది.

సముద్రఘోష, విశాఖపట్నం

ఆ ఒక్కటి కప్పు అడుగున మిగిలినది గీకి పోసినదై ఉంటుంది. కప్పు గోడలకు, అడుగుకు అంటుకున్నది సరిగా కలవదు. ఒక కప్పులో మూడు నాలుగు నిమిషాలు నిదానంగా కలిపి, రెండో కప్పులోకి ఒంపి మళ్ళీ కలిపి పోయండి. మొదటి కప్పును గీకవద్దు.

మంచుగువ్వ, మిన్నెసోటా

మాకు మీ కష్టానికి సరిగ్గా ఎదురు. డిసెంబరులో గ్యారేజీలో పెట్టిన రెజిన్ డబ్బా అడుగున తెల్లగా, పేరుకున్న తేనెలా గడ్డ కట్టింది. పాడైందని పారేయబోయాను. ఎవరికైనా ఇలా జరిగిందా?

గుండ్రాయి, గుంటూరు

పారేయవద్దు. అది స్ఫటికాలు కట్టడం. చలికి రెజిన్ భాగానికే సాధారణంగా అవుతుంది. 50 డిగ్రీల వేడి నీళ్ళలో డబ్బాను మూతపెట్టి ఉంచండి, పూర్తిగా తేరాక గది వేడికి వచ్చేవరకు ఆగి వాడండి. ఒక్క స్ఫటికం మిగిలినా మళ్ళీ దాని చుట్టూ గడ్డ కడుతుంది కాబట్టి డబ్బా అడుగు, మూత అంచు చూసుకోండి.

లక్కపిడత, అనకాపల్లి జిల్లా

నేను ఈ వేదికలో ఎప్పుడూ అడ్డుపుల్లే, అలవాటే కదా మీకు. మా వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పూసి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో వచ్చింది. లక్క కూడా రెజినే, పురుగు ఇచ్చే రెజిన్. లాడ్ బజార్‌లో గాజు విరిగితే వేడి చేసి అతుకుతారు, కొలత మారిస్తే కరిగించి మళ్ళీ చుడతారు. మీ ఎపాక్సీ ఒకసారి బిగిసిందా, ఇక కరగదు. వేడి చేస్తే మాడుతుంది, అంతే. పోసిన ప్రతి తప్పు ముక్కా మన ముని మనవల దాకా చెత్తకుప్పలో ఉంటుంది. ఇంటింటా ఇంత రెజిన్ పోత అవసరమా?

చెక్కపొట్టు, రాజమహేంద్రవరం

మాట నిజమే, కాదనను. అయితే లక్కలో తలంబ్రాలు కనబడవు కదా. పారదర్శకతే ఇక్కడ సరుకు. నేను పాడైన ముక్కలను పారేయను. సుత్తితో పగలగొట్టి, రంగు ముక్కలుగా కొత్త పోతలో వేస్తాను. టెర్రాజో గచ్చు లాంటి మచ్చల నమూనా వస్తుంది, అవే ముందు అమ్ముడుపోతున్నాయి.

నెమలికన్ను, కరీంనగర్

నాది చిన్న సందేహం. ఇదంతా ఎందుకు, అతినీలలోహిత వెలుగుకు బిగిసే యూవీ రెజిన్ అయితే దీపం కింద నిమిషాల్లో గట్టిపడుతుంది, తూకాలు అక్కర్లేదు కదా? నా దగ్గర గోళ్ళ రంగుకు వాడే దీపం ఉంది.

సముద్రఘోష, విశాఖపట్నం

పలచటి పొరలకు చాలా బాగుంటుంది. కానీ వెలుగు తాకిన చోటే గట్టిపడుతుంది. బియ్యపు గింజ నీడ పడిన చోట, మైకా పొడి దట్టంగా వేసిన చోట లోపల ద్రవంగానే ఉండిపోతుంది. కొన్నాళ్ళకు లాకెట్ వెనకవైపు నుంచి కారుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పొరలుగా, పారదర్శకంగా ఉన్నవాటికే వాడండి. గింజలకు తొలి పూతగా మాత్రం వార్నిష్ బదులు యూవీ రెజిన్ వాడుకోవచ్చు. అందులో అమీన్ హార్డెనర్ ఉండదు కాబట్టి పసుపు ఎర్రబడదు. గింజను తిప్పుతూ అన్ని వైపులా వెలుగు చూపించాలి.

తెల్లగౌను, వరంగల్

ఇంతసేపు ఎవరూ చేతి తొడుగుల మాట ఎత్తకపోవడం చూసి రాస్తున్నాను. చర్మవ్యాధుల విభాగంలో నర్సును. ఎపాక్సీ వల్ల వచ్చే అలర్జీ మొదటి రోజే రాదు. నెలల తరబడి ఏమీ కాదు, "నాకు పడుతుంది" అనుకుంటారు. ఒకరోజు వేళ్ళ మధ్య దురద, మణికట్టు మీద నీటి పొక్కులు, కనురెప్పల వాపు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే సాధారణంగా జన్మంతా పడదు. తరువాత అతి కొద్దిగా తగిలినా తిరగబెడుతుంది. కనురెప్పల వాపుతో వచ్చినవాళ్ళు కాటుకను, కొత్త సబ్బును అనుమానిస్తారు గానీ సాయంత్రాలు పోసే రెజిన్‌ను అనుమానించరు.

నైట్రైల్ తొడుగులే వేసుకోండి, రబ్బరువి చాలవు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. చేతికి అంటితే అసిటోన్‌తోనో థిన్నర్‌తోనో తుడవకండి, అవి చర్మంలోని కొవ్వును తీసేసి రసాయనాన్ని ఇంకా లోపలికి పంపుతాయి. సబ్బు, నీళ్ళు చాలు. వాసన రాకపోతే ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. యూవీ రెజిన్‌లోని అక్రిలేట్లు కూడా ఇదే బాపతు, నెమలికన్ను గారూ. పూర్తిగా గట్టిపడిన నగ వేసుకునేవాళ్ళకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. సగం గట్టిపడినది మెడలో వేయకూడదు. గోటికి గుంట పడిన ఆ లాకెట్‌ను ఏ పిల్లకూ ఇవ్వకండి పొగడపూలు గారూ.

పొగడపూలు, కాకినాడ

అది పక్కన పెట్టేశాను. తొడుగులు ఈ రోజే తెప్పిస్తాను.

తాటిముంజ, హైదరాబాద్

నేను చేసేవాణ్ణి కాను, చేయించుకున్నవాణ్ణి. మా పెళ్ళి దండలు ఇద్దరివీ ఒక సంస్థకు ఇచ్చి రెజిన్ పలకలో పోయించాము. "జీవితాంతం ఇలాగే ఉంటుంది" అన్నారు. ఏడాది తిరగకముందే లిల్లీలు గోధుమరంగుకు వచ్చాయి, గులాబీలు నల్లబడ్డాయి, పలక అంతా టీ మరక రంగు తేలింది. అడిగితే మీ గోడకు ఎండ పడుతోంది అన్నారు. గోడకు ఎండ పడకుండా ఇల్లు ఎలా కట్టాలో కూడా వాళ్ళే చెప్పాలి.

సముద్రఘోష, విశాఖపట్నం

తాటిముంజ గారూ, నేను దండల ఆర్డర్లు తీసుకుంటాను కాబట్టి ఇటువైపు మాట చెబుతాను. వాళ్ళు అన్న కారణం అబద్ధం కాదు, ఇచ్చిన మాటే అబద్ధం. ఎపాక్సీ ఏదైనా ఎండకు పసుపుపడుతుంది. మంచి రకాల్లో అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే మందులు కలుపుతారు, అవి ఆలస్యం చేస్తాయి, ఆపవు. పూల రంగు ఇంకో లెక్క. బంతి, చామంతి రంగు బాగా నిలుస్తుంది. ఎర్ర గులాబీ ఎండబెడుతున్నప్పుడే ముదురు మెరూన్ అవుతుంది. మల్లె, లిల్లీ తెల్లగా ఉండవు, ఎవరు చేసినా ఉండవు. మందార రేకు రెజిన్ తడికి అద్దంలా పారదర్శకమవుతుంది. ఇవన్నీ డబ్బు తీసుకోకముందే రాతపూర్వకంగా పంపుతాను. సగం మంది వెళ్ళిపోతారు. వెళ్ళనీ.

దండ ఇచ్చేవాళ్ళు ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపవద్దు, లోపల చెమ్మ పట్టి ఒక్కరోజులో కుళ్ళుతుంది. పాత వార్తాపత్రికలో వదులుగా చుట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచి, రెండో రోజుకల్లా చేర్చండి. లావు పూలను రేకులుగా విడదీసి సిలికా జెల్‌లో పాతిపెడతాను. నీలం గుళికలు కాదు, నారింజవి. నీలం వాటికి రంగు ఇచ్చేది కోబాల్ట్ క్లోరైడ్, విషపదార్థం.

ఇంకా చెప్పకూడని మాట ఒకటి చెబుతాను. ఇచ్చిన దండ పాడైపోతే బజారులో కొన్న ఎండుపూలు పోసి "మీ దండే" అని ఇచ్చేవాళ్ళు ఈ వృత్తిలో ఉన్నారు. పువ్వులు మరీ తాజాగా, మరీ ఒకే కొలతలో కనిపిస్తే అడగండి. ఎండబెట్టినప్పటి ఫొటోలు చూపించమనండి.

తాటిముంజ, హైదరాబాద్

ఫొటోల సంగతి తెలిసుంటే బాగుండేది. ఆ టీ రంగును ఇప్పుడు తీయడానికి దారి ఉందా?

సముద్రఘోష, విశాఖపట్నం

పైపొర మాత్రమే పసుపుపడితే ఎమరీ కాగితంతో నీళ్ళు పోస్తూ అరగదీసి, కొత్త పొర పోయవచ్చు. లోపలి దాకా పాకితే లేదు. ఉత్తర దిక్కు గోడకు మార్చండి.

చెక్కపొట్టు, రాజమహేంద్రవరం

వేడి గురించి కూడా ఒక మాట. మామూలు కళల రెజిన్లు 50 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. మే నెలలో కారు ముందు అద్దం దగ్గర పెట్టిన తాళంచెవి గొలుసు వంగిపోతుంది. వేడి టీ కప్పు పెడితే పళ్ళేల మీద గుండ్రటి అచ్చు పడుతుంది. కొనేవాళ్ళకు ముందే చెప్పండి.

పోసేవాళ్ళకు ఇంకో వేడి ఉంది. రెండూ కలిశాక రెజిన్ తనంతట తానే వేడెక్కుతుంది. కప్పులో ఎంత ఎక్కువ ఉంటే అంత త్వరగా. పాతిక గ్రాములైతే గోరువెచ్చగా ఉంటుంది. కళ్ళజోడు వెతుక్కుంటూ నిండు కప్పును బల్ల మీద వదిలేస్తే పొగలు కక్కి, కప్పు కరిగి, ముద్ద పగుళ్ళు తీస్తుంది. పది డిగ్రీలు పెరిగితే ఆ చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, ఎండాకాలంలో అందుకే చేతికి చిక్కదు. పోయడం ఆలస్యమైతే వెడల్పాటి పళ్ళెంలోకి పరిచేయండి, వేడి చెదిరిపోతుంది.

నెమలికన్ను, కరీంనగర్

బుడగలకు నేను లైటర్ మంట చూపిస్తాను. తప్పా?

చెక్కపొట్టు, రాజమహేంద్రవరం

చెక్క పలక మీద పలచటి పొరకైతే క్షణం పాటు చూపించి తీసేయవచ్చు. సిలికాన్ అచ్చు మీద వద్దు, అచ్చు నున్నదనం పోతుంది. అచ్చు లోపల ఎంత మెరుపు ఉంటే నగకు అంతే మెరుపు వస్తుంది. రెజిన్ డబ్బాను కలపడానికి ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి, పలచబడి బుడగలు వాటంతట అవే పైకి వస్తాయి. నీటి చుక్క లోపల పడకుండా డబ్బా తుడిచి మూత తీయండి. సన్నటి ధారగా, ఒకే మూల నుంచి పోయండి. గింజలను ముందు కాస్త రెజిన్‌లో ముంచి, తరువాత అచ్చులో పేర్చండి.

నిర్వాహకులు

ఈ చర్చలో ఇద్దరు సభ్యులు పెట్టిన అమ్మకపు ప్రకటనలు తీసేశాము. రెజిన్ ఎక్కడ కొనాలన్నది వేరే శీర్షికలో అడగండి.

పొగడపూలు, కాకినాడ

మాస్టారు చెప్పినట్టు నూలుగుడ్డల మధ్య ఒత్తి, సిలికా డబ్బాలో పెట్టి, యూవీ రెజిన్ పూతతో మళ్ళీ నమూనా పోశాను. తూకం కొత్తది. గది తేమ 57 చూపించినప్పుడు మొదలుపెట్టాను. రంగు నిమ్మపండే. ఒక గింజ మాత్రం మొన దగ్గర ఎర్రగా ఉంది, పూత అక్కడ తప్పినట్టుంది. అసలు తలంబ్రాలు రేపు పూత వేస్తాను. పసుపు రంగు ఎన్నాళ్ళు ఉంటుంది మాస్టారూ?

గుండ్రాయి, గుంటూరు

వెలుగుకు కర్కుమిన్ వెలిసిపోతుంది. పసుపు పెట్టిన బట్ట ఎండలో ఆరేస్తే మరక పోదూ? చీకటి పెట్టెలో దాచి, పండగలకు వేసుకునేవాళ్ళకు చాలాకాలం ఉంటుంది. రోజూ వేసుకు తిరిగే పిల్లకు వెలిసిన బియ్యం మిగులుతుంది. ఆ మాట ముందే చెప్పండి, మీ ఆడపడుచుకు కూడా.

పొగడపూలు, కాకినాడ

చెప్పాను. "వెలిస్తే వెలిసింది, గింజలు మావే కదా" అంది. ఇక ఒక్కటే మిగిలింది. గొలుసుకు రంధ్రం ఎప్పుడు వేయాలి? ఆదివారం పంపాలి.

చెక్కపొట్టు, రాజమహేంద్రవరం

ఒక రోజుకు అచ్చులోంచి తీయవచ్చు, కానీ అప్పుడే డ్రిల్ పెడితే అంచు సాగి చిరుగుతుంది. మూడు రోజులు ఆగండి. ఒక మిల్లీమీటరు ముల్లుతో, చేత్తో తిప్పే డ్రిల్‌తో, అంచుకు మూడు మిల్లీమీటర్లు లోపలికి, కింద చెక్కముక్క పెట్టి నిదానంగా వేయండి. గింజ పక్కగా వెళ్ళాలి, గింజలోకి దిగితే పూత పగిలి తేమ ఎక్కుతుంది. పొడి ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకోండి, రంధ్రం దగ్గర ఒక నీటిచుక్క వేసినా పొడి లేవదు. గొలుసు తగిలించే రింగులు నికెల్ లేనివి తీసుకోండి, పిల్లల మెడలు కదా. పూర్తి బలం రావడానికి వారం పడుతుంది కాబట్టి ఆదివారం పంపినా ఒకదానిమీద ఒకటి పేర్చవద్దు. ఒక్కొక్కదాన్నీ బటర్ పేపర్‌లో విడిగా చుట్టండి. బుడగల ప్లాస్టిక్‌లో చుడితే ఆ గుండ్రాలు లాకెట్ మీద అచ్చు పడతాయి.